మేకతో ఇంగ్లీషు

జూన్ 12, 1960. ఆదివారం

ఉర్దూలో రాస్తే మా తహసీల్ కచేరిలో ఎవడి చేతిలో పడ్డా చదివేస్తాడు. కన్నడంలో రాస్తే నా పెళ్లాం నీలమ్మ చదువుతుంది, వాళ్ల నాన్న ఆమెకు కన్నడ అక్షరాలు నేర్పించాడు. కాబట్టి తెలుగులో రాస్తున్నాను. మొన్నటిదాకా మాది బీదర్ జిల్లా. కొత్త రాష్ట్రం వచ్చాక మెదక్‌లో కలిపి, తెలుగు రాత నేర్చుకొమ్మన్నారు. నేర్చుకున్నాను. నీలమ్మకు తెలుగు మాట్లాడటం వచ్చు గాని చదవడం రాదు. మనిషికి ఒక్క చోటైనా మనసు విప్పుకునే వీలుండాలి.

సంగతేమిటంటే, కచేరిలో నా కుర్చీ కింద ఎవరో తవ్వుతున్నారు. ఉర్దూలో చదువుకున్న గుమాస్తాలందరూ ఇక ఇంగ్లీషు పరీక్ష రాయాలట. అక్టోబరులో, సంగారెడ్డిలో. తప్పినవాణ్ణి జహీరాబాద్ నుంచి లేపి ఆసిఫాబాద్‌కు చిన్న పని మీద పంపిస్తారట. ఈ కబురు నాకు మొదట చెప్పింది మదన్‌మోహన్. నా పక్క బల్ల గుమాస్తా, హైదరాబాదులో ఇంగ్లీషు చదువుకుని వచ్చినవాడు. "ఫికర్ చెయ్యకున్రి శరణప్ప సాబ్, నేనున్న గద" అన్నాడు నవ్వుతూ.

నవ్వుతూ చెడ్డ కబురు చెప్పేవాణ్ణి నేను నమ్మను. నా కుర్చీ పోతే అది ఎవరికి దక్కుతుందో తెలియనంత అమాయకుణ్ణి కాను. నిప్పు లేనిదే పొగ రాదు.

జూన్ 15

నీలమ్మ ఈరోజు మేకను గట్టిగా తిట్టింది. రాసి పెట్టుకోవలసినంత విషయం కాదు, రోజూ ఉన్నదే. మా ఇళ్లలో ఆడవాళ్లు మొగుణ్ణి ముఖం మీద ఏమీ అనరు. మా అమ్మ రోలుతో మాట్లాడేది. మా నాన్న అరుగు మీద కూర్చుని అంతా వినేవాడు, తనను కానట్టు తల ఊపేవాడు. అత్త మీద కోపం దుత్త మీద అంటారు గాని, మా ఇంట్లో ఆ దుత్త పని మేక చేస్తుంది.

"నేర్చుకోవే అంటే చెవిల పెట్టవు. మంచి ఆకు ముందల పెడితే మూతి తిప్పుకుంటవు. రేపు ఈ ఇల్లిడిసి పోవాల్సి వస్తే యాడ కట్టేస్తరే నిన్ను?" అంటోంది.

మేక ఏం నేర్చుకుంటుంది? అయితే కొంచెం మొండిదే, ఒప్పుకుంటాను. నిన్న నా పంచె అంచు నమిలింది.

జూన్ 24

పొద్దున మేక కుడితి తొట్టి తన్నేసింది. నీలమ్మ నడుం మీద చెయ్యి పెట్టుకుని దానితో ఏదో అన్నది. తెలుగు కాదు. కన్నడం కాదు. ఉర్దూ అసలే కాదు. నేను గడ్డం గీసుకుంటున్నాను, చెంప తెగింది.

వాట్ హాజ్ గాట్ ఇంటూ యూ.

విన్నది విన్నట్టు రాశాను. ఇంగ్లీషే, సందేహం లేదు. "ఏమన్నవ్?" అని అడిగాను.

"మేకను అన్న" అన్నది, తొట్టి కడుక్కుంటూ.

జూన్ 26

ఇస్సాకు దగ్గరికి పోయాను. మిషన్ దవాఖానలో కాంపౌండరు. దొరసాని డాక్టరు దగ్గర పని చేసి చేసి ఇంగ్లీషు పట్టాడు. మేమిద్దరం ఒకే పంతులు చేత దెబ్బలు తిన్నవాళ్లం. కచేరి కాగితాల్లో ఇట్లా ఒక మాట వచ్చింది, అర్థమేమిటని అడిగాను.

ఇస్సాకు మందు కలుపుతున్నవాడు ఆగి నా వైపు చూశాడు. "కచేరి కాగితంల గిట్ల రాయరు. ఎవరన్నరు నిన్ను?"

"నన్నెవరంటరు?"

"మంచిగున్నోనివి, నీకేం పుట్టింది, గిట్లెందుకు చేస్తున్నవ్ అని దాని అర్థం. తెలివిగల్లోడు తెలివితక్కువ పని చేస్తే అంటరు. పిచ్చోణ్ణి అనరు."

ఇంటికొచ్చి మేకను చూశాను. తెలివిగలదానిలా లేదు. అసలు ఇంట్లోకి ఇంగ్లీషు ఏ దారిన వచ్చిందో అది ముందు తేల్చాలి.

జూలై 3

తేలింది. మధ్యాహ్నాలు మిషన్ బడికి పోతోంది. దేవమ్మ టీచరు బడిపిల్లలకు అంగీలు కుట్టిపెట్టమన్నదట. నీలమ్మ కుట్టు బాగుంటుంది, నిజమే. కానీ అంగీ కుట్టడానికి ఇంగ్లీషు ఎందుకు?

అడగలేదు. అడిగితే జాగ్రత్త పడుతుంది.

జూలై 9

ఈరోజు మేకతో అన్నది: యూ షుడ్ హావ్ నోన్ బెటర్.

ఇస్సాకును మళ్లీ అడిగితే అనుమానపడతాడని పేష్కారు సాబ్‌ను అడిగాను. తహసీల్దారుకు కాగితాలు చదివి వినిపించే పెద్దమనిషి, కొంత ఇంగ్లీషు వచ్చు. ఆయన కుర్చీ దగ్గరికి జరుపుకుని "తహసీల్దార్ సాబ్ అన్నడా?" అన్నాడు మెల్లగా. కాదన్నాను.

"ఉండనియ్, ఉండనియ్. నీ అంతటోడు తెలిసి తెలిసి గిట్ల చెయ్యొద్దుండె అని దాని అర్థం. నేనెవరికి చెప్పనులే."

జూలై 11

కచేరి అంతా తెలిసిపోయింది. తహసీల్దారు శరణప్పను ఇంగ్లీషులో తిట్టాడట. ఒకడు ఛాయ్ తెప్పించాడు. ఒకడు భుజం తట్టాడు. మదన్‌మోహన్ అయితే నా బల్ల దగ్గరికే వచ్చి "ఏమైంది సాబ్? నేను పెద్దసాబ్‌తోని జర మాట్లాడాల్నా?" అన్నాడు.

అంటే ఈ కథ పుట్టించింది వాడే అయి ఉండాలి. పేష్కారు సాబ్ ఎవరికీ చెప్పనన్నాడు కదా.

జూలై 20

యూ ఆర్ నాట్ యువర్‌సెల్ఫ్ టుడే. ఇస్సాకు చెప్పాడు, నువ్వు ఈరోజు నువ్వు లెక్క లేవు అని. మేక మాత్రం మేక లెక్కనే ఉంది.

ఆగస్టు 2

రాయాలా వద్దా అని పొద్దున నుంచీ ఆలోచించి రాస్తున్నాను. నిన్న కచేరిలో తలనొప్పి అని చెప్పి బయటపడి, మిషన్ బడి వెనక కిటికీ కింద నిలబడ్డాను. వాన పడుతోంది. లోపల కుట్టు మిషను ఆగింది, మాటలు మొదలయ్యాయి.

"టీచరమ్మా, మన తెలుగుల అయితే ఒక్క మాటల అయిపోతది. గాడిద అంటే గాడిదనే" అన్నది నీలమ్మ.

"అందుకే వద్దంటున్న" అన్నది దేవమ్మ టీచరు. ఆమెది పెద్ద గొంతు, గోడ అడ్డం కాదు. "గాడిద అంటే మనిషి మొత్తం గాడిదైతడు. ఇంగ్లీషుల మంచిగ తిట్టాల్నంటే మనిషిని ముట్టరు, చేసిన పనిని పట్టుకుంటరు. నువ్వు మూర్ఖునివి అనరు. గిది నీకు తగిన పని కాదు అంటరు. నీ అసోంటోడు గిట్ల చేసుడేంది అంటరు. మనిషిని తిట్టకు నీలమ్మా, పనిని తిట్టు. మనిషి తిరిగొచ్చేటందుకు జర తొవ్వ ఉంచాలె."

"ఎంత తొవ్వ ఉంచాలె? బండి పట్టేటంతనా?"

ఇద్దరూ నవ్వారు. నీలమ్మ అట్లా నవ్వగా నేను విని చాలా కాలమైంది. నేను తలకాయ నుంచి కాళ్ల దాకా తడిసిపోయి ఉన్నాను. ఆ నవ్వు నా మీదనే, ఇంకెవరి మీద?

బయటికి వస్తుంటే బడి గేటుకు ఒక సైకిలు ఆనించి ఉంది. వెనక మడ్‌గార్డుకు ఎర్ర రంగు. అది మదన్‌మోహన్‌ది.

ఆగస్టు 3

పని మీద మనసు లేదు. ఒక్కొక్క ముక్కా కలుపుకుంటూ పోతే అంతా అతుకుతోంది. పరీక్ష కబురు తెచ్చింది వాడు. కచేరిలో నన్ను నవ్వులపాలు చేసింది వాడు. ఇంగ్లీషు వచ్చింది వాడికి. ఇప్పుడు ఇంగ్లీషు వస్తున్నది నా పెళ్లానికి. వాడి సైకిలు బడి గేటు దగ్గర. ఇంటి దొంగను ఈశ్వరుడైనా పట్టలేడంటారు, నేను ఈశ్వరుణ్ణి కాను, మామూలు గుమాస్తాను.

నీలమ్మ అట్లాంటిది కాదు. అది నాకు తెలుసు. ఇది రాసి మళ్లీ చదువుకున్నాను. తెలుసు అని రాయవలసిన అవసరం ఎందుకు వచ్చింది?

నాకు భయంగా ఉంది. కుర్చీ పోతుందని ఇంత భయం వేయలేదు.

ఆగస్టు 9

సైకిలు లేదు.

ఆగస్టు 12

సైకిలు ఉంది.

ఆగస్టు 13

ఉంది. క్యారియరుకు ఏదో కట్ట కట్టి ఉంది. వాడు బయటికి వచ్చేటప్పుడు కట్ట లేదు.

ఆగస్టు 21

అన్నం దగ్గర కొత్త వేషం మొదలైంది. ఉప్పు వేస్తూ "సాల్ట్" అన్నది. నీళ్లు పెడుతూ "వాటర్" అన్నది. తర్వాత "కచేరిల హుకుం వస్తది గద, దాన్ని ఇంగ్లీషుల ఏమంటరో చెప్పున్రి సూద్దాం" అన్నది, పిల్లలతో ఆడినట్టు. ఆమె చెవులు ఎర్రబడ్డాయి, సిగ్గుతోనో మరెందుకో.

"నాకు పాఠం చెప్పేటంతదానివైనవా?" అన్నాను.

గిన్నెలు తీసుకుని లేచింది. వంటింట్లోకి పోతూ గడప దగ్గర ఆగి, "దిస్ ఈజ్ నాట్ లైక్ యూ" అన్నది మెల్లగా. మేక అప్పుడు పెరట్లో లేదు. మేతకు పోయింది.

ఆర్డర్. హుకుంను ఆర్డర్ అంటారు. అదేం పెద్ద విద్య కాదు.

సెప్టెంబరు 14

మదన్‌మోహన్ ఈరోజు బతిమాలాడు. "సాబ్, పరీక్ష దగ్గరికొచ్చింది. కచేరి అయినంక రోజొక గంట నాతోని కూసోండి. మీకు పని అంత ఎరికే, మాటలే కొత్త. జల్ది వస్తయి."

నాకంటే చిన్నవాడు. నేను చేరినప్పుడు వీడు పలక పట్టి ఉండడు. చెప్పేవాడికి వినేవాడు లోకువ. వీడి ముందు కూర్చుని తప్పులు చదివితే, ఆ తప్పులన్నీ తెల్లారేసరికి తహసీల్దారు బల్ల మీద ఉంటాయి. నాకు వీలు కాదన్నాను.

వాడు చిన్నబోయాడు. నటన బాగా వచ్చు.

సెప్టెంబరు 15

ఇంట్లో మేకను ఎవరూ ఏమీ అనడం లేదు. నీలమ్మ పిలిస్తే పలుకుతుంది, అడిగితే పెడుతుంది.

అక్టోబరు 9. ఆదివారం

రేపు పరీక్ష. నీలమ్మ నా కోటు ఉతికి, చెంబులో నిప్పులు పోసి ఇస్త్రీ చేసింది. దారికి జొన్నరొట్టెలు, పల్లీల పొడి మూట కట్టింది. నేను పోతానని ఆమెకు ఎవరు చెప్పారు?

బాగా ఆలోచించాను. రికార్డు బీరువాల తాళంచెవి నా నడుముకే ఉంటుంది. నేను సంగారెడ్డి పోతే ఆ తాళంచెవి ఇక్కడ ఇచ్చి పోవాలి. నేను లేని పూట బీరువాలోంచి ఒక కాగితం పోతే ఎవరు పోగొట్టినట్టు? మదన్‌మోహన్ తాను కూడా తోడు వస్తానంటున్నాడు. పరీక్ష లేనివాడు సెలవు పెట్టి మరీ తోడెందుకు వస్తాడు? నన్ను బస్సెక్కించడానికే. పాలు తాగే పిల్లి కళ్లు మూసుకుంటే లోకానికి కనిపించదా?

పోను. ఈ ఉచ్చులో నేను పడను.

ఉప్పు సాల్ట్, నీళ్లు వాటర్, హుకుం ఆర్డర్, దరఖాస్తు అప్లికేషన్. ఊరికే రాశాను.

అక్టోబరు 10

పొద్దున మదన్‌మోహన్ సైకిలు గంట వినిపించింది. నేను జొన్నలు పోసే గుమ్మి వెనక్కి పోయి నిలబడ్డాను. అంతకుముందే నీలమ్మతో చెప్పాను, ఇంట్లో లేడని చెప్పమని. "అబద్ధం నాతోని కాదు" అన్నది. చెప్పాలి అన్నాను.

"సాబ్ తయారైండా అమ్మా? బస్సు ఆగదు" అంటున్నాడు వాడు గడపలో నిలబడి.

గుమ్మి సందులోంచి నాకు నీలమ్మ వీపు కనిపిస్తోంది. తర్వాత ఒక్కొక్క మాటే కూడబలుక్కుని అన్నది. "హీ ఈజ్ బీయింగ్ ఫూలిష్. ఐ యామ్ సారీ."

మదన్‌మోహన్ "అయ్యో" అన్నాడు. ఇంకా కాసేపు నిలబడి, సైకిలు నడిపించుకుంటూ పోయాడు.

నేను బయటికి వచ్చాను. మేకతో మాట్లాడే భాష ఇంకొక మగవాడితో మాట్లాడింది, నా గడపలో, నేను ఇంట్లో ఉండగా.

"ఎవని కోసం నేర్చినవ్ ఈ ఇంగ్లీషు? ఆ సైకిల్ ఎవని కోసం వస్తుంది బడికి?"

అడిగేశాను. అన్ని రోజులు దాచుకున్నది నోట్లోంచి వచ్చేసింది. నీలమ్మ నన్ను చూసింది. ఏడుస్తుందనుకున్నాను, ఏడవలేదు. రొట్టెల మూట విప్పి, ఆ రొట్టెలు తుంచి మేకకు వేసింది.

అప్పటికి బస్సు ఇంకా పోలేదు. పరుగెత్తితే దొరికేది. ఇది ఎందుకు రాస్తున్నానో తెలియదు.

అక్టోబరు 12

ఇస్సాకు దగ్గరికి పోయి ఆ మాట అర్థం అడిగాను. చెప్పాడు.

"నిన్ను మూర్ఖుడనలే ఆమె. ఈ పూట మూర్ఖపు పని పట్టుకుండు అన్నది. రేపు ఇడిసిపెడ్తడేమో అన్నట్టు."

తర్వాత సీసాలన్నీ పక్కకు జరిపి, నన్ను కూర్చోబెట్టి మిగతాది చెప్పాడు. "నీ కోసమే నేర్చింది శరణప్పా, దేవమ్మ చెప్పింది నాకు. నువ్వు మదన్‌మోహన్ తాన నేర్వవు, చిన్నోడని. దేవమ్మ తాన నేర్వవు, ఆడమనిషని. ఇంట్ల అన్నం తినుకుంట తినుకుంటనన్న నాలుగు మాటలు చెవిల పడ్తయని ఆమె నేర్చింది. ఆ పిల్లగాడు పాత పరీక్ష కాగితాలు తెచ్చి ఇచ్చిపోతుండె బడికాడ. అంగీలు కుట్టినందుకు కూలి తీస్కోలే, దానికి బదులు పాఠం. మొదటి రోజు ఆమె అడిగింది ఏం తెల్సా? మా ఇంటాయన మనసు నొయ్యకుంట గిది తప్పు అని ఎట్ల చెప్పాలె టీచరమ్మా అని."

"మరి నాకెందుకు చెప్పలే?"

"చెప్తే నమ్ముతుంటివా?"

నమ్మేవాణ్ణే. అయితే ఇస్సాకు ఈ సంగతి ఇన్నాళ్లు నా దగ్గర ఎందుకు దాచాడో అది మాత్రం ఆలోచించాలి.

అక్టోబరు 13

నీలమ్మకు చెప్పవలసిన మాట పొద్దున నుంచీ కూర్చుకున్నాను. వంటింటి గడప దాకా పోయాను. నీళ్లడిగాను. ఇచ్చింది.

అక్టోబరు 14

ఈరోజు కూడా నీళ్లే అడిగాను.

నవంబరు 4

ఆర్డర్ వచ్చింది. ఆసిఫాబాద్. ఇరవయ్యో తేదీలోపు చేరాలి.

నా కుర్చీ మదన్‌మోహన్‌కు ఇవ్వలేదు. వాడిని హైదరాబాదుకు పెద్ద పని మీద పిలుచుకున్నారట. ఈ సంగతి ఎండాకాలంలోనే ఖాయమైందట, కచేరిలో నాకు తప్ప అందరికీ తెలుసట. వెళ్లేముందు వచ్చి నా కాళ్లకు దండం పెట్టాడు. "మీ తాననే పని నేర్చిన సాబ్" అన్నాడు. వాడి ముఖం చూడలేకపోయాను. సిగ్గేసింది. వాడిలో ఏదో ఒకటి వెతుకుదామని చూశాను, ఏమీ దొరకలేదు.

నవంబరు 13. ఆదివారం

సామాన్లు కట్టమన్నాను.

"మీయి కట్టిన" అన్నది. ట్రంకు పెట్టె తలుపు దగ్గర ఉంది. పక్కన పరుపు చుట్ట.

"మరి నీయి?"

"నేను రాను. దేవమ్మ టీచర్ ఆడపిల్లలకు కుట్టు నేర్పమన్నది. ఒప్పుకున్న."

"మొగుణ్ణి ఒక్కణ్ణే తోలితే ఊరేమంటది?"

ఆమె వచ్చి నా ఎదురుగా కింద కూర్చున్నది. పెళ్లయినప్పటి నుంచీ నీలమ్మ నాతో మాట్లాడేటప్పుడు పక్కకు చూసి మాట్లాడుతుంది, లేదా మేకను చూసి. ఈరోజు నన్నే చూసింది. గొంతు పెంచలేదు.

"ఊరు ఏమన్న అననియ్. మనిషిని తిట్టకు, పనిని తిట్టు అన్నది టీచరమ్మ. అట్లనే చేసిన. పిల్లగాన్ని అనుమానపడిన్రు, అది మనిషి కాదు, పని అనుకున్న. పక్కకు పెట్టిన. పరీక్షకు పోనన్నరు, పనే అనుకున్న. పక్కకు పెట్టిన. ఒక్కొక్కటి తీసి పెట్టుకుంట పోతే ఆఖరికి మనిషి కానొస్తడు గద అని చూసిన. ఆ దినం గుమ్మి ఎన్కకెళ్లి వచ్చి నన్నొక మాట అడిగిన్రు. ఇగ తీసేటందుకు ఏం లేదు. మనిషి కానొస్తలేడు."

తప్పయింది అనవచ్చు. ఇస్సాకు అంతా చెప్పాడు అనవచ్చు. ఆ మాటలు నా దగ్గర ఉన్నాయి, నెల నుంచీ ఉన్నాయి. వాటికి బదులు, దీన్ని ఇంగ్లీషులో ఎట్లంటరని అడిగాను. ఇంగ్లీషులో అన్నవేవీ నాకు ఇంతగా తగల్లేదు.

"అది నేర్వలే" అన్నది. "అంత దాక అవసరం పడ్తదనుకోలే."

నవంబరు 27. ఆసిఫాబాద్

గది దొరికింది, కచేరికి దగ్గరే. ఇక్కడి గుమాస్తాలు మంచివాళ్లు, ఒకరి జోలికి ఒకరు పోరు. సాయంత్రం వచ్చి తాళం తీసి, గడపలోనే కాసేపు నిలబడతాను. నేను ఏం చేసినా ఇక్కడ నన్నెవరూ ఏమీ అనరు.